'సరే' అంటే చాలదు

బేరం దగ్గర మాట తేడా వస్తే పదో పరకో నష్టం వస్తుంది. చుట్టరికంలో మాట తేడా వస్తే నాలుగు రోజులు మాటలుండవు. అదే తేడా విమానం నడిపే పైలట్‌కూ, విమానాశ్రయం టవరులో కూర్చుని అతనికి దారి చెప్పే అధికారికీ మధ్య వస్తే వందల ప్రాణాలు నిమిషంలో పోతాయి. ఇలా పోయిన ప్రాణాల లెక్క చిన్నది కాదు. ఆ ప్రమాదాల్లో చాలాచోట్ల ఇంజను చెడిపోలేదు, రెక్క విరగలేదు. ఒకరు ఒకటి చెబితే మరొకరు ఇంకొకటి అనుకున్నారు. అంతే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రైతులకు విమానాల గొడవ ఎందుకని ఎవరైనా అనవచ్చు. ఒకప్పుడైతే ఆ మాటకు అర్థముండేది. నేడు చదువుకని అమెరికాకు, పనికని గల్ఫ్‌కు పిల్లలను పంపిన ఇళ్లు మన పల్లెల్లోనూ ఉన్నాయి. పంట అమ్మిన డబ్బుతో టిక్కెట్టు కొని, హైవే మీద కారు కట్టించుకుని శంషాబాదు దాకా వెళ్లి సాగనంపి వస్తున్న తల్లిదండ్రులు ఉన్నారు. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో శిక్షణ విమానం కూలి, శిక్షణలో ఉన్న పైలట్ మరణించిన సంగతి ఆ చుట్టుపక్కల వారు ఇంకా మరచిపోలేదు. మాట తేడాకు ఉదాహరణగా దాన్ని చెప్పడం లేదు. విమానమనేది మనకు దూరపు సంగతి కాదని చెప్పడానికే ఆ ప్రస్తావన.

రన్‌వే అంటే విమానం పరుగు తీసి పైకి లేచే బాట. దిగే విమానమూ దాని మీదే దిగుతుంది. ఒక సమయంలో ఆ బాట ఒక్క విమానానిదే కావాలి. అందుకే పైలట్ తన ఇష్టానికి దాని మీదకు వెళ్లడానికి వీల్లేదు. పక్కబాట మీద కదలాలన్నా, రన్‌వే దాటాలన్నా, దాని మీద నిలబడాలన్నా, పరుగు మొదలుపెట్టాలన్నా, దిగాలన్నా టవరులోని కంట్రోలరు అనుమతి కావాలి. ఈ అనుమతులన్నీ రేడియోలో, నోటిమాటగానే నడుస్తాయి. ఆ రేడియోలో ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మాట్లాడితే రెండు మాటలూ కలిసి కీచుమనే చప్పుడవుతుంది. వందల మంది ప్రాణాలు ఆధారపడేది ఆ నాలుగు మాటల మీదే.

ఇది ఎంత దూరం పోతుందో ప్రపంచం 1977 మార్చి 27న చూసింది. స్పెయిన్ దేశానికి చెందిన కానరీ దీవుల్లో టెనెరిఫె అనే చోట లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయం ఉంది. ఆ రోజు పక్క దీవిలోని పెద్ద విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడ దిగవలసిన విమానాలన్నింటినీ ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. వాటిలో రెండు పెద్ద జంబో జెట్‌లు. ఒకటి హాలెండు వారి కెఎల్ఎం సంస్థది, రెండోది అమెరికా వారి పాన్ అమ్ సంస్థది. పక్కబాటలు విమానాలతో నిండిపోగా, ఈ రెండూ రన్‌వే మీదుగానే అవతలి చివరకు నడిచి వెళ్లవలసి వచ్చింది. ఇంతలో దట్టంగా పొగమంచు కమ్మింది. టవరుకు విమానాలు కనబడవు, ఒక విమానానికి మరొకటి కనబడదు.

ముందు వెళ్లిన కెఎల్ఎం విమానం చివరకు చేరి వెనక్కు తిరిగి నిలబడింది. పాన్ అమ్ ఇంకా రన్‌వే మీదే నడుస్తున్నది. పైకి లేచాక ఏ దారిన వెళ్లాలో టవరు కెఎల్ఎం వారికి చెప్పింది. ఆ మాటల్లో 'టేకాఫ్' అనే పదం వచ్చింది. అది దారి వివరమే గాని బయలుదేరమని అనుమతి కాదు. కెఎల్ఎం నుంచి ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నామన్న అర్థంలో జవాబు వచ్చింది. బయలుదేరడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారని టవరు అనుకుంది. వాస్తవానికి వాళ్లు పరుగు మొదలుపెట్టేశారు. టవరు 'ఓకే' అన్నది. ఒక్క క్షణం ఆగి, 'టేకాఫ్‌కు ఆగండి, నేను పిలుస్తాను' అన్నది. సరిగ్గా అదే క్షణంలో పాన్ అమ్ వారు తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని రేడియోలో చెప్పారు. రెండు మాటలూ కలిసి కెఎల్ఎం వారికి కీచు చప్పుడుగా వినిపించాయి. స్పష్టంగా వినబడ్డది ఒక్క 'ఓకే' మాత్రమే.

ఆ విమానంలో ఉన్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. పాన్ అమ్ ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా జవాబిచ్చాడు. ఆ కెప్టెన్ తమ సంస్థలో ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. ఆయన అంత గట్టిగా చెప్పాక మళ్లీ అడిగినవారు లేరు. కొద్ది సెకన్లకు రెండు విమానాలూ ఢీకొన్నాయి. కెఎల్ఎం విమానంలోని 248 మందీ, పాన్ అమ్‌లోని 335 మందీ, మొత్తం 583 మంది చనిపోయారు. పాన్ అమ్‌లో 61 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. రెండు విమానాల మధ్య జరిగిన ప్రమాదాల్లో ఇంతమంది ప్రాణాలు తీసినది మరొకటి లేదు.

ఇందులో మనకు కొత్తగా తోచేది ఏమీ లేదు. 'సరే' అనే మాట మనం రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. 'సరే' అంటే విన్నానని అర్థం కావచ్చు, ఒప్పుకున్నానని కావచ్చు, చేస్తానని కావచ్చు, ఇక నీ మాట చాలించు అని కూడా కావచ్చు. పెద్దాయన గట్టిగా అన్నాక ఆయనకు తెలియదా అని ఊరుకోవడమూ మనకు అలవాటే. టెనెరిఫెలో ఈ రెండు అలవాట్లూ పొగమంచుతో కలిశాయి.

ఆ తరువాత విమానయాన రంగం బుద్ధి తెచ్చుకుని కొన్ని కట్టుబాట్లు బిగించింది. 'టేకాఫ్' అనే మాటను నిజంగా బయలుదేరమని అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చిన ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదు. మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అనాలి. రన్‌వేకు సంబంధించిన ఆదేశానికి ఉత్త 'ఓకే' జవాబు కాదు. కంట్రోలరు చెప్పినదాన్ని పైలట్ తన విమానం పేరుతో సహా తిరిగి అప్పజెప్పాలి. దీన్ని 'రీడ్‌బ్యాక్' అంటారు. పైలట్ అప్పజెప్పేది కంట్రోలరు చెవి పెట్టి వినాలి, తప్పుంటే అక్కడికక్కడే సరిదిద్దాలి. పెద్ద పైలట్ పొరపాటు చేస్తున్నాడనిపిస్తే చిన్నవాడు నోరు విప్పాలని, పెద్దవాడు వినాలని ప్రత్యేకంగా శిక్షణ మొదలుపెట్టారు.

మన ఆర్టీసీ బస్సులో 'రైట్ రైట్' అంటే కదలమని, 'హోల్డాన్' అంటే ఆగమని డ్రైవరుకు తెలుసు. ఇంగ్లీషు రాని కూలీ కూడా ఆ మాటలు పట్టుకుంటాడు. కండక్టరు రోజుకో కొత్త మాట వాడితే దిగేవారు చక్రం కింద పడతారు. విమానాల్లో కట్టుబాటు మాటల అవసరమూ అదే. అంకెలు పలకడానికి కూడా వాళ్లకు ఒక పద్ధతి ఉంది. రేడియో చప్పుడులో 'ఫైవ్', 'నైన్' ఒకేలా వినబడే ప్రమాదం ఉందని తొమ్మిదిని 'నైనర్' అనీ, అయిదును 'ఫైఫ్' అనీ పలకమంటారు. మార్కెట్ యార్డులో గోల మధ్య ఇరవై అంటే అరవై అని వినబడి తగవు పడినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అంకె తేడా ఏం చేస్తుందో 1989 ఫిబ్రవరి 19న మలేషియాలో తేలింది. కౌలాలంపూర్ దగ్గర దిగుతున్న ఒక సరుకుల విమానాన్ని 2,400 అడుగులకు దిగమని కంట్రోలరు చెప్పాడు. అంకెలను విడివిడిగా 'టూ ఫోర్ జీరో జీరో' అని పలికాడు. ఇంగ్లీషులో రెండు అనే అంకెకూ, 'కు' అనే అర్థమిచ్చే మాటకూ పలుకుబడి ఒకటే. పైలట్ చెవికి అది '400కు దిగు' అని వినబడింది. 'ఓకే, ఫోర్ జీరో జీరో' అని జవాబిచ్చాడు. ఆ జవాబులో తప్పు ఉందని కంట్రోలరు పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొని అందులోని నలుగురూ చనిపోయారు. తిరిగి చెప్పడం ఉన్నంత మాత్రాన చాలదు. తిరిగి చెప్పినదాన్ని వినేవాడు కూడా ఉండాలి.

మన దేశం చూసిన ఘోరం 1996 నవంబరు 12 నాటిది. అది జరిగింది రన్‌వే మీద కాదు, ఢిల్లీకి పడమరగా హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన ఆకాశంలో. ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ జంబో విమానాన్ని 14,000 అడుగుల ఎత్తులో ఉండమన్నారు. ఎదురుగా దిగి వస్తున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. ఎదుటి విమానం వస్తున్నదని కూడా చెప్పారు. అయినా కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగింది. రెండు విమానాల్లోని 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. సౌదీ విమానంలో ఉన్నవారిలో కూలీనాలీ కోసం గల్ఫ్‌కు పోతున్న భారతీయులు ఎందరో. కజక్ సిబ్బంది ఇంగ్లీషు అంతంతమాత్రం కావడం, టవరుతో మాట్లాడే మనిషి ఒకరు, విమానం నడిపే మనిషి మరొకరు కావడం విచారణలో చర్చకు వచ్చాయి. ఆ తరువాతే ఎదుటి విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరం మన దేశంలో తప్పనిసరి అయింది. ఢిల్లీలో వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ దారులు వేరు చేశారు.

ఇవన్నీ పాతకాలపు సంగతులు, ఇప్పుడు యంత్రాలన్నీ మెరుగయ్యాయి గదా అనుకుంటే పొరపాటు. 2024 జనవరి 2న జపాన్ రాజధాని టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో దిగుతున్న పెద్ద విమానం, రన్‌వే మీద నిలబడి ఉన్న తీర రక్షక దళం వారి చిన్న విమానాన్ని ఢీకొంది. ముందు రోజు వచ్చిన భూకంపం బాధితులకు సామాను తీసుకుపోవడానికి సిద్ధమైన విమానమది. అందులోని ఆరుగురిలో అయిదుగురు మరణించారు. పెద్ద విమానం మండిపోయినా, సిబ్బంది చెప్పినట్టు విని సామాన్లు వదిలేసి దిగినందున అందులోని 379 మందీ బతికారు.

అక్కడ జరిగినదేమిటి? చిన్న విమానాన్ని ఆగవలసిన గీత వరకు రమ్మని కంట్రోలరు చెబుతూ 'నంబర్ వన్' అన్నాడు. వరుసలో మొదట ఉన్నావు అని దాని అర్థం. పైలట్ ఆ మాటలు సరిగ్గానే తిరిగి అప్పజెప్పాడు. అయినా రన్‌వే మీదకు వెళ్లడానికి అనుమతి వచ్చిందనుకుని గీత దాటి దాదాపు 40 సెకన్లు అక్కడే నిలబడ్డాడు. మిర్యాలగూడ రైసు మిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు 'తర్వాత నీ బండే' అంటారు. అంటే కాంటా మీదకు తోలమని కాదు, సిద్ధంగా ఉండమని. తొందరలో ఉన్నవాడికి మాత్రం అది తోలమన్నట్టే వినబడుతుంది. అందుకే హనేడా తరువాత ఆ వరుస నంబరు చెప్పే మాటనే జపాన్ వారు కొంతకాలం ఆపేశారు.

మన దేశంలో ఇలాంటివి ప్రాణాలు పోకుండా తప్పిపోయాయి. 2022 జనవరి 7న బెంగళూరులో కోల్‌కతాకు ఒకటి, భువనేశ్వర్‌కు ఒకటి, రెండు ఇండిగో విమానాలు రెండు పక్కపక్క రన్‌వేల నుంచి దాదాపు ఒకే సమయంలో లేచి ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. వాటిలో నాలుగు వందలకు పైగా మనుషులున్నారు. ఆ పొద్దున ఒక్క రన్‌వేనే వాడాలని షిఫ్టు ఇన్‌చార్జి నిర్ణయించినా, ఆ సంగతి రెండో రన్‌వే చూసే కంట్రోలరుకు చేరలేదని విచారణలో తేలింది. అతడు తన విమానాన్ని పంపాడు, అవతలివాడు తన విమానాన్ని పంపాడు. రాడార్ దగ్గర ఉన్న కంట్రోలరు గమనించి వెంటనే వేరే దిక్కులకు తిప్పమని చెప్పబట్టి బతికి బయటపడ్డారు. ఇక్కడ తప్పు మాట కూడా లేదు, చెప్పవలసిన మాట చెప్పకపోవడమే ఉంది. 2024 జూన్ 8న ముంబయిలో ఎయిరిండియా విమానం ఇంకా రన్‌వే మీద పరుగు తీస్తుండగానే అదే రన్‌వే మీద ఇండిగో విమానం దిగింది. టవరు అనుమతితోనే దిగామని ఆ సంస్థ చెప్పింది. ఆ సమయంలో విధిలో ఉన్న కంట్రోలరును పక్కనబెట్టి విచారణ మొదలుపెట్టారు.

ఒక ఉద్యోగిని పక్కనబెట్టినంత మాత్రాన జబ్బు నయం కాదు. ఒక రన్‌వే మీద గంటకు దిగే విమానాలు పెరుగుతున్నకొద్దీ కంట్రోలరుకు రెండు మాటల మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి తగ్గిపోతుంది. అలసిన మనిషి చెవి తనకు కావలసిన మాటనే వింటుంది. కాబట్టి ప్రభుత్వం విమానాల సంఖ్య చూసి మురిసిపోవడం కాక, కంట్రోలర్లకు తగినంత మంది తోడు, తగినంత విశ్రాంతి ఉన్నదా అని చూడాలి. రన్‌వే అంచున ఆగవలసిన గీత దగ్గర ఎర్రదీపాలు ఎల్లప్పుడూ పనిచేసేట్టు చూడాలి. మాట తప్పినా దీపం ఆపుతుంది. తృటిలో తప్పిన ప్రమాదాల మీద విచారణ నివేదికలు త్వరగా బయటపెట్టాలి. చనిపోయిన వారి లెక్క వచ్చినప్పుడే విచారణ అనే పద్ధతి మారాలి. వరంగల్ దగ్గర మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025 ఫిబ్రవరి చివరలో అనుమతి ఇచ్చింది. కొత్తగా కట్టేచోట ఈ జాగ్రత్తలు మొదటి నుంచే పెట్టడం తేలిక.

ఈ సందర్భంలో మన పిల్లల గురించి ఒక మాట. కంట్రోలరు ఉద్యోగానికి ఫిజిక్సు, లెక్కలతో బీఎస్సీ గాని, ఇంజనీరింగు గాని చదివినవారు అర్హులు. విమానాశ్రయాల సంస్థ పరీక్ష పెట్టి తీసుకుంటుంది. మన కళాశాలల్లో ఆ చదువు చదివే పిల్లలకు కొదవలేదు. తెలుగు మీడియంలో చదివాం, ఇంగ్లీషు దొరల్లా మాట్లాడలేం అని వెనుకడుగు వేయనక్కరలేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పైలట్లకూ కంట్రోలర్లకూ ఇంగ్లీషులో ఆరు మెట్లు ఉండగా, నాలుగో మెట్టు చేరితే చాలు. టెనెరిఫె ప్రమాదం ఇంగ్లీషు రానివారి వల్ల జరగలేదు, ఎంతో అనుభవం ఉన్నవారి మధ్య జరిగింది. ఇక్కడ కావలసింది గొప్ప ఇంగ్లీషు కాదు. కట్టుబాటు మాట, నిదానం, అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడిగే ధైర్యం.

ఇదే కట్టుబాటు మన ఊళ్లలో కరెంటు పని దగ్గర అంతకంటే ఎక్కువ అవసరం. లైనుమన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ ఆపరేటరు దగ్గర ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. ఫీడరు ఆపి, రిజిస్టరులో రాసి, పని అయ్యాక తిరిగి అప్పజెప్పేవరకు కరెంటు ఇవ్వకూడదు. ఇది విమానాల అనుమతి వంటిదే. వానాకాలంలో, నాట్ల తొందరలో ఇది ఫోను మాటగా మారిపోతున్నది. 'అన్నా, లైను తీసినవా?' అంటే 'ఆఁ, తీసిన' అని జవాబు. ఏ ఫీడరు తీశాడో, ఏ ఊరి లైనో అడిగినవాడూ చెప్పలేదు, చెప్పినవాడూ అడగలేదు. సాగర్ ఎడమ కాలువ కింద మోటార్లు ఉన్న రైతులు కొందరు లైనుమన్ రాక ఆలస్యమైతే తామే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫ్యూజు వేస్తున్నారు. పైన మనిషి ఉండగా కరెంటు వచ్చి చనిపోయిన వార్తలు ఈ పత్రికల్లోనే చదువుతున్నాం. టెనెరిఫెలో 'ఓకే' చేసిన పనినే ఇక్కడ 'ఆఁ' చేస్తున్నది.

విద్యుత్ అధికారులు ప్రతి సబ్‌స్టేషన్‌లో ఒక్క నియమం కచ్చితంగా అమలు చేయాలి. ఎల్‌సీ అడిగేవాడు ఫీడరు పేరు, ఊరి పేరు, తన పేరు చెప్పాలి. ఆపరేటరు ఆ మూడూ తిరిగి అప్పజెప్పాలి. అడిగినవాడు విని 'సరిగ్గా చెప్పావు' అన్న తరువాతే స్తంభం ఎక్కాలి. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. దీనికి కొత్త బడ్జెట్టు అక్కరలేదు, అర నిమిషం చాలు. రైతులు కూడా ఎవరో ఆపారట అన్న మాట మీద ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోకూడదు. ఒక పూట నీళ్లు ఆలస్యమైతే మడి ఎండిపోదు. మనిషి పోతే ఇల్లు ఎండిపోతుంది.

583 మంది చనిపోయాక విమానయాన రంగం 'ఓకే' మీద నమ్మకం మానుకుంది. ఆ పాఠం నేర్చుకోవడానికి మన ఊళ్లలో మరో మనిషి పోనక్కరలేదు. ప్రాణంతో కూడిన పని దగ్గర విన్నవాడు విన్నదాన్ని తిరిగి చెప్పాలి. చెప్పినవాడు దాన్ని పూర్తిగా వినాలి. అనుమానం వచ్చినవాడు చిన్నవాడైనా మళ్లీ అడగాలి. రేపటి నుంచి మన సబ్‌స్టేషన్లలో ఈ పద్ధతి మొదలుకావాలని అధికారులను కోరుతున్నాం.